ఎవరి ఇజ్జత్?

వేధించినవాడి మీద ఫిర్యాదు చెయ్యమని అమ్మాయికి చెప్పడం తేలిక. ఫిర్యాదు చేసిన మర్నాడు ఆమె ఎక్కడుంటుంది? క్లాసులోనా, ఇంట్లోనా? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా ధైర్యం మీద ఉపన్యాసాలివ్వడం న్యాయం కాదని మేమంటున్నాం.

మేం మాట్లాడుతున్నది అనంతపురం నుంచి. వాన మొహం చాటేస్తే చెనిక్కాయ చేనుతో పాటు ఇల్లూ ఎండిపోయే నేల ఇది. పంట పోయిన ఏడు కొడుకులు బెంగుళూరు బస్సెక్కుతారు. కూతురి చదువు ఇంట్లో మొదట కోతపడే ఖర్చవుతుంది. 1968లో తిరుపతి విశ్వవిద్యాలయపు పీజీ కేంద్రంగా మొదలై 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక పెద్ద చదువు ఈ కరువు పల్లెలకు బస్సు దూరంలోకొచ్చింది. ఆ బస్సెక్కాలంటే మా పిల్ల అమ్మీని ఒప్పించాలి, అబ్బాను ఒప్పించాలి, మొహల్లా నోళ్లు మూయించాలి. ఇన్ని అనుమతుల మీద నిలబడ్డ చదువు అది. ఎక్కడైనా ఒక లెక్చరరు చెయ్యి పట్టుకున్నాడని ఇంట్లో చెబితే ముందు శిక్ష ఎవరికి? "అందుకే వద్దన్నాం" అన్న ఒక్క మాటతో ఆమె చదువు ముగుస్తుంది. అది వాడికీ తెలుసు. ఆమె ఇంటి భయమే వాడి ధైర్యం.

ఇంకో భయం ఉంది. వేధించినవాడు మనవాడైతే "కౌమ్ పరువు బజారుకీడుస్తావా" అంటారు. పరాయివాడైతే "మతగొడవ రేపుతావా" అంటారు. మనవాడైతే పత్రికల్లో పేరు కంటే మతమే ముందు పడుతుందన్న భయం అబద్ధమేమీ కాదు. ఆ భయం మాకు బాగా తెలుసు. కానీ దాని బరువంతా మొయ్యాల్సింది వేధింపు పడిన పిల్లేనా? వేధించినవాడితో పోని ఇజ్జత్ నోరు తెరిచిన పిల్లతో పోతుందా? ఇక సెక్యులర్ మిత్రులు కొందరు ఆమె బురఖా చూసి, ముందు మీ మతం నుంచి బయటపడమంటారు. ఆమె ఫిర్యాదు చేసింది గైడు మీద. వీళ్ల చర్చ బురఖా మీద.

రమీజాబీని మర్చిపోగలమా? 1978 మార్చిలో హైదరాబాదు నల్లకుంట పోలీస్ స్టేషన్లో ఆమె మీద అత్యాచారం జరిగిందని, ఆమె భర్త అహ్మద్ హుసేన్ చావుకు పోలీసులే కారణమని జస్టిస్ ముక్తదర్ కమిషన్ తేల్చింది. అయినా బోనులో నిలబడింది ఆమె శీలమే. నీ నిఖా నిజమేనా, నువ్వెలాంటి దానివి అని తవ్వారు. 1981లో రాయచూరు కోర్టులో నిందిత పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు. పోలీస్ స్టేషన్ వేరు, యూనివర్సిటీ వేరు. ఆడమనిషి నోరు తెరిస్తే వచ్చే ప్రశ్నలు మాత్రం అవే.

చట్టం లేక కాదు. 1997లో విశాఖ తీర్పు, 2013లో చట్టం, 2016లో యూజీసీ నిబంధనలు వచ్చాయి. ఫిర్యాదుల కమిటీకి స్త్రీ అధ్యక్షురాలిగా ఉండాలి, సభ్యుల్లో సగమన్నా స్త్రీలుండాలి, బయటి సభ్యులు ఒకరుండాలి. జరిగిన మూడు నెలల్లోగా రాసివ్వాలి. రాయలేకపోయిన కారణముంటే ఇంకో మూడు నెలల గడువివ్వొచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఈలోగా ఆమె పరీక్షలూ పరిశోధనా అతని చేతిలో లేకుండా తప్పించవచ్చు. ఆమె పేరు బయటపెట్టకూడదు. రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదు అబద్ధం కాదని చట్టమే చెప్పింది. ఈ సంగతులు నోటీసు బోర్డు మీద, తెలుగులోనూ ఉర్దూలోనూ, అడ్మిషన్ రోజునే పిల్లలకు కనబడాలి.

నిందితుడి మాటా వినాల్సిందే. అతని మతం చూసి నేరం ఖాయం చేయకూడదు, హోదా చూసి కొట్టేయకూడదు.

కమిటీ ఎంత మంచిదైనా దాని తలుపు దాకా అమ్మాయిని రానివ్వాల్సింది ఇల్లే. ఆమె చెప్పింది విని అబ్బా అనాల్సిన మొదటి మాట "రేపట్నుంచి మానెయ్" కాదు, "పద, నేనూ వస్తా". ఇజ్జత్ అంటే అది.