మీకేమైతాడు?

రేపు చతుర్దశి, ఎల్లుండి మహాలయ అమావాస్య. ఈ పేజీ ఈ సాయంత్రమే ప్రెస్సుకు వెళ్ళాలట. "పితృదేవతల మీద ఏదైనా పంపండి" అని డెస్కు నుంచి పొద్దున్నుంచీ ఫోన్లు. పితృదేవతల మహిమ ఈ పక్షమంతా ఎందరో పెద్దలు రాశారు. తర్పణాల వరుసలో అట్టడుగున ఉండేవాళ్ళ మాట నేను రాస్తాను.

మహాలయంలో మన చేతి నీళ్ళు అందుకునేవారి వరుస చాలా పొడుగు. తండ్రి వైపు మూడు తరాలు, తల్లి వైపు మూడు తరాలు, ఆ తర్వాత భార్య, బిడ్డలు, అన్నదమ్ములు, పెదనాన్నలు, మేనమామలు, మేనత్తలు, అక్కచెల్లెళ్ళు, పిల్లనిచ్చిన మామ. వీళ్ళంతా అయ్యాక గురువు, శిష్యుడు, ఆప్తమిత్రులు. అంటే స్నేహితుడికి కూడా శాస్త్రం ఒక దోసెడు నీళ్ళు కేటాయించింది. కాకపోతే చిట్టచివర.

ఆ చివరే వచ్చింది చిక్కంతా. ఆలంపురం రేవులో ఏటా చూస్తూనే ఉన్నాను. "అయ్యగారూ, జర తొందరగా కానియ్యండి, కర్నూలు బస్సు పోతాది" అంటాడు నీళ్ళలో దిగినాయన. అయ్యగారి వెనక మరో పదిమంది పంచెలు బిగించి నిలబడి ఉంటారు. తాతముత్తాతలను తగ్గించడానికి లేదు. తల్లి వైపు కోత పెడితే మేనమామలకు తెలుస్తుంది. ఇక మిగిలింది తోక. "మిగతా అందరికీ కలిపి ఒక దోసెడు వదలండి" అనేస్తారు. స్నేహితులూ, గురువులూ, ఎవరూ లేని దిక్కులేనివాళ్ళూ అందరూ ఆ ఒక్క దోసెట్లో సర్దుకోవాలి. దీంట్లో అయ్యగార్ల తప్పు తక్కువ. తొందర పెట్టేది మనం. రేవులో నిలబడి సెల్ఫీ తీసుకోవడానికి మటుకు బస్సు ఆగుతుంది.

నా మిత్రుడొకడు ఆ ఉమ్మడి దోసెట్లో కలిసిపోకూడదని నా పట్టుదల. మీసం సరిగా రాని వయసులో సైన్యంలో చేరాను. నీలగిరుల్లో వెల్లింగ్టన్, మద్రాస్ రెజిమెంట్ సెంటర్. తమిళులు, మలయాళీలు, కన్నడిగులు, మనవాళ్ళు అందరం ఒకే బ్యారక్. వాడిది గంగావతి వైపు పల్లె. హోస్పేట ఆనకట్ట దాటిన తుంగభద్ర ముందు వాళ్ళను తడిపి, తర్వాత మా ఆలంపురం వచ్చి, కూడవెల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. "మేం వాడుకోగా మిగిలిన నీళ్ళతో కదా మీ జోగులాంబకు అభిషేకం" అని ఏడిపించేవాడు.

సియాచిన్ పైకి పంపినప్పుడు మమ్మల్నిద్దరినీ జోడీ కట్టారు. సైన్యంలో దాన్ని బడ్డీ అంటారు. పైన పోస్టులో బడ్డీకి ఒక పని ఉంటుంది, అది ఏ సుభాషితంలోనూ కనబడదు. రోజూ సాయంత్రం మేజోళ్ళు విప్పి ఒకడి కాలివేళ్ళు ఇంకొకడు చూడాలి. మంచు కొరికిన వేలికి నొప్పి తెలియదు. మైనంలా తెల్లబడి మొద్దుబారిపోతుంది. అందుకని ఎవడి వేళ్ళను వాడు నమ్మడానికి లేదు. నొక్కి వదిలితే రక్తం తిరిగి వస్తోందా లేదా అని రెండోవాడే చూసి చెప్పాలి. కిరోసిన్ బుఖారీ పొయ్యి పక్కన, వాడి పాదాలు నా ఒళ్ళో, నా పాదాలు వాడి ఒళ్ళో. ఆ పొగకు పొద్దున్నే ఉమ్మితే నల్లగా మసి పడేది. ఎవరి కాళ్ళు ఎవరు ముట్టుకోవాలో మా ఊళ్ళో పెద్ద లెక్కలుండేవి. అక్కడ ఆ లెక్క అడిగినవాడు లేడు.

ఒక పూట వాడికి దగ్గు మొదలైంది. రాత్రికి పడుకోలేక కూర్చునే ఉన్నాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని తెలుస్తూనే ఉంది. కిందికి దించాలంటే హెలికాప్టర్ రావాలి, గాలివాన లాగా మంచు కొడుతోంది. తెల్లవారలేదు వాడికి. 1984 ఏప్రిల్‌లో ఆపరేషన్ మేఘదూత్ మొదలైనప్పటి నుంచి ఆ హిమానీనదం మీద తూటాల కంటే వాతావరణమే ఎక్కువమంది జవాన్లను తీసుకుపోయింది. వాడూ ఆ లెక్కలోకి వెళ్ళాడు.

పెన్షన్ పుచ్చుకుని ఊరు చేరాక, మహాలయంలో వాడి పేరు చెప్పాను. "గోత్రం?" అన్నారు రేవులో. తెలియదన్నాను. "మీకేమైతాడు?"

గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పి వదలడం మన ఆచారంలో ఉన్నదే. ఆ సంగతి అడిగినాయనకూ తెలుసు. అయినా ముందుగా నోట్లోంచి వచ్చింది ఆ ప్రశ్న. ఆయన్ని అని ఏం లాభం? ఊరంతా అదే అడుగుతోంది. ఎవరైనా పోయారంటే "మనోళ్ళేనా?" అంటారు. స్నేహితుడు పోయాడని సెలవు అడిగి చూడండి, ఆఫీసులో ఎగాదిగా చూస్తారు. రక్తసంబంధమో, పెళ్ళిసంబంధమో చూపిస్తే తప్ప మనిషికి ఏడ్చే హక్కు కూడా రాదా?

కర్ణుణ్ణి బతికినన్నాళ్ళూ వెంటాడింది ఇదే కదా. అస్త్రవిద్యా ప్రదర్శనలో కృపాచార్యుడు వంశం అడిగాడు. తలవంచుకున్నవాడి చేయి పట్టుకున్నది దుర్యోధనుడు ఒక్కడే. యుద్ధం ముగిశాక గంగ ఒడ్డున ధర్మరాజు అందరికీ నీళ్ళు వదులుతుంటే కుంతి నోరు విప్పింది, కర్ణుడికీ వదలమంది. "ఏమవుతాడని?" అన్న ప్రశ్న అక్కడా లేచింది. అన్న అని తెలిశాకే నీళ్ళు పడ్డాయి. ఆ ఒడ్డున దుర్యోధనుడే బతికి ఉంటే, ఆ మాట అడగకుండానే దోసిలి పట్టేవాడని నాకనిపిస్తుంది. దుర్మార్గుడే, కాదనను.

జటాయువు సంగతి మీకు చెప్పేపని లేదు. అయితే ఒకటి గమనించండి. కన్నతండ్రికి నిప్పు పెట్టే యోగం రాముడికి దక్కలేదు, అది భరతుడు చేశాడు. తండ్రి స్నేహితుడికి మాత్రం తన చేతులతో చితి పేర్చాడు, గోదావరిలో దిగి నీళ్ళు వదిలాడు. పోరాడి పడిపోయిన ఒక పక్షికి! ఏ కులమని రాముడు ఎవరినడగాలి?

అంతెందుకు, మాఘమాసం భీష్మాష్టమి నాడు దేశమంతా భీష్ముడికి తర్పణం ఇస్తుంది. తండ్రి బతికి ఉన్నవాళ్ళు కూడా ఇవ్వవచ్చని పెద్దలు చెబుతారు. పెళ్ళీ పిల్లలూ లేకుండా యుద్ధంలో పడిపోయిన ఒక ముసలి యోధుడు ఆయన. గోత్రం కూడా గుర్తుపెట్టుకుని మరీ ఇస్తున్నాం. భీష్ముడు మనకేమైతాడు?

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో, దాదాపు 19,600 అడుగుల ఎత్తున ఉన్న సోనమ్ పోస్టు మీద మంచు కొండ విరిగి పడింది. 19వ మద్రాస్ బెటాలియన్ జవాన్లు పదిమంది దాని కింద ఉండిపోయారు. నలుగురు తమిళులు, ముగ్గురు కన్నడిగులు, ఒక మలయాళీ, సతారా నుంచి వచ్చిన నర్సింగ్ అసిస్టెంటు, మన తుంగభద్రకు అవతలి ఒడ్డు కర్నూలు జిల్లా బిడ్డ ముస్తాక్ అహ్మద్. ధార్వాడ జిల్లా హనుమంతప్ప ఆరు రోజుల తర్వాత మంచు తవ్వుతుంటే ప్రాణాలతో దొరికాడు. దేశమంతా మొక్కింది. 11వ తేదీన ఢిల్లీ ఆసుపత్రిలో పోయాడు. ఆ పదిమందిలో ఎవరు ఎవరికేమవుతారు?

ఆయుధం దెబ్బకు పోయినవారికి చతుర్దశి ప్రశస్తం అంటారు. మావాడికి దెబ్బ తగల్లేదు, గాలి ఆడలేదు. చతుర్దశి వాడికి చెల్లుతుందా అని అడిగితే ఒక పండితుడు అవునన్నాడు, ఇంకొకాయన అమావాస్య చాలన్నాడు. నేను రెండు రోజులూ వదులుతున్నాను. ఎక్కువ ఇచ్చారని పితృదేవతలేమీ పద్దు రాసి వెనక్కి పంపరు గదా.

మొన్న ఒక మాజీ సైనికుడు అడిగాడు, తన మిత్రుడు ముసల్మాను, నీళ్ళు వదలవచ్చునా, వాళ్ళింట్లో ఏమైనా అనుకుంటారా అని. ఆలంపురంలో గుళ్ళకు పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది, ఇక్కడివాళ్ళకు ఇది మరీ కొత్త ప్రశ్నేమీ కాదు. శాస్త్రం ఏమంటుందో విచారించి చెబుతానన్నాను. ఈలోపు, "ఆ పిల్లవాడి తల్లి ఉందా?" అనడిగాను. ఉందట. ఎప్పుడు మాట్లాడావంటే నసిగాడు. ఫోన్ నంబరు పాత నోటుబుక్కులో ఉందన్నాడు. ముందు ఇంటికి పోయి ఆ బుక్కు వెతకమన్నాను.