ఇంట్లో ఉంచిన పిల్లికి మనం బాకీ ఉన్నదేమిటి?

మా వద్దకు ధర్మ విషయాలు అడగడానికి వచ్చేవారు సాధారణంగా నమాజు గురించి, జకాత్ గురించి, నికాహ్, తలాఖ్, ఆస్తి పంపకాల గురించి అడుగుతారు. విజయనగరంలో ఒక ఇంటివారు మాత్రం పిల్లి గురించి అడిగారు. నవ్వులాటకు అడిగింది కాదు. ఆ పిల్లి మూలంగా ఆ ఇంట్లో అత్తాకోడళ్ల మధ్య నెల రోజులుగా మాటలు సరిగా లేవు.

వారిది పలాస దగ్గర, జీడితోటల మధ్య ఒక పల్లె. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడిచెట్లు ఎలా నేలకూలాయో పాఠకుల్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. గాలి తగ్గాక, కూలిన కొబ్బరిచెట్టు మొదట్లో తడిసి వణుకుతున్న ఒక పిల్లికూనను అత్తగారు కొంగులో చుట్టి ఇంటికి తెచ్చారు. అది జీడిపిక్కల బస్తాల మధ్య ఎలుకలు పట్టుకుంటూ, దొడ్డిలో తిరుగుతూ పెరిగింది. ఆ తరువాత కొడుకు ఉద్యోగం విజయనగరానికి మారింది. పల్లెలో ఇంటికి తాళం పడింది. మూడో అంతస్తు వాటాలోకి అత్తగారూ, పిల్లీ ఒకే ఆటోలో వచ్చారు.

అప్పటి నుండి పిల్లి రాత్రంతా తలుపు దగ్గర అరుస్తోంది, తలుపు గీకుతోంది. "నోరులేని జీవాన్ని గదిలో పెట్టి గొళ్లెం వేయడం గునా కాదా, మౌల్వీ సాబ్? పిల్లిని కట్టేసి నరకానికి పోయిన ఆడమనిషి సంగతి మా అబ్బా మాకు చిన్నప్పుడే చెప్పారు. దీన్ని ఊళ్లో వదిలిపెట్టి రమ్మంటున్నాను" అని అత్తగారు అన్నారు. కోడలి మాట వేరు. కింద లారీలు తిరిగే రోడ్డు. పక్కింటి పిల్లి చక్రం కింద పడడం ఆమె కళ్లారా చూసింది. "ఊళ్లో దానికి పిడికెడు అన్నం పెట్టేవారెవరు? వదిలేస్తే చావుకు వదిలినట్టే" అంటుంది. కొడుకు ఇద్దరి మాటలకూ తల ఊపుతూ కూర్చున్నాడు. (ఇలాంటి కొడుకులను మేము చాలామందిని చూశాము.)

అత్తగారు ప్రస్తావించిన హదీసు ప్రామాణికమైనదే. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి), హజ్రత్ అబూ హురైరా (రజి)ల ఉల్లేఖనంగా బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. అయితే ఆ స్త్రీ నేరం ఏమిటో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలియజేసిన తీరును నిదానంగా గమనించాలి. ఆమె పిల్లిని బంధించింది. దానికి తిండీ పెట్టలేదు, నేల మీది పురుగూ పుట్రా పట్టుకు తినడానికి వదలనూ లేదు. రెండు దారులూ మూసింది. ఆ రెండింటిలో ఒకటైనా తెరిచి ఉంచితే నేరం నిలిచేది కాదని ఈ మాటల పొందికే తెలుపుతోంది. అందుకే, తిండి, నీరు విషయంలో అశ్రద్ధ చేయని పక్షంలో పిల్లిని ఇంట్లో ఉంచుకోవడం, కట్టి ఉంచడం కూడా ధర్మసమ్మతమేనని హదీసు వ్యాఖ్యాతలు ఇదే హదీసు నుండి గ్రహించారు.

పిట్ట విషయంలోనూ ఇలాంటిదే ఉంది. హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్‌కు ఆడుకోవడానికి ఒక చిన్న పిట్ట ఉండేది. అది చనిపోయి పిల్లవాడు దిగులుగా ఉంటే దైవప్రవక్త (స) ఆ పిట్ట సంగతి ఏమైందని అతన్ని ఆప్యాయంగా పలకరించేవారు. పిట్టను ఎందుకు ఉంచుకున్నావని మందలించలేదు. మూడు నాలుగు పదాల ఈ పలకరింపు నుండి షాఫయీ ధర్మవేత్త ఇబ్నుల్ ఖాస్ అరవై ప్రయోజనాలు వెలికితీసి ఒక చిన్న పుస్తకమే రాశారు. పిట్టను పంజరంలో ఉంచుకోవచ్చన్న విషయాన్ని ఇబ్ను హజర్ (రహ్మ) కూడా ఈ హదీసు కిందనే పేర్కొన్నారు.

కాబట్టి కోడలు చేస్తున్నది గునా కాదు. ఈ ముక్క చెప్పి మేము లేచి రావచ్చు. కానీ అత్తగారి మనసులోని ముల్లు ఈ జవాబుతో బయటికి రాదని మాకు అనిపించింది. ఆమె అడిగింది అన్నం గురించి కాదు. గిన్నెలో చేప ముక్క ఉంది, పాలు ఉన్నాయి, పిల్లి అయినా ఏడుస్తోంది. ఎందుకు?

ఇక్కడ ఆ హదీసులోని రెండో దారి వైపు మళ్లీ చూడాలి. నేల మీది జీవాలను పట్టుకు తినడం పిల్లికి కేవలం కడుపు నింపుకునే పని కాదు. పొంచి ఉండడం, చెవులు రిక్కించడం, ఒడుపు చూసి దూకడం, పట్టడం, కొరకడం — సృష్టికర్త దాని కండరాల్లో, గోళ్లలో, కంటిచూపులో పెట్టిన పని అది. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లి అస్థిపంజరం దొరికిందని పరిశోధకులు 2004లో ప్రకటించారు. ధాన్యం దాచుకున్న మనిషి చెంతకు ఎలుకలు వచ్చాయి, ఎలుకల వెంట పిల్లి వచ్చింది. మనం పట్టి తెచ్చుకున్న బానిస కాదది, పని వెతుక్కుంటూ వచ్చిన జీవి. మూడో అంతస్తులో మనం దానికి కూడు పెట్టి పని తీసేశాము. బాకీలో సగం తీర్చి, మిగతా సగం తీరిందనుకుంటున్నాము.

ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ (మరణం 1262) జంతువులకు మనిషిపై ఉన్న హక్కులను వరుసగా రాశారు. ముసలిదైనా, జబ్బుదైనా, ఇక ఉపయోగం లేకపోయినా దాని పోషణ ఖర్చు భరించాలి. దానికి హాని చేసే వాటితో కలిపి ఉంచకూడదు. విశ్రాంతి స్థలం మంచిగా ఉండాలి. ఆట అనే మాట అందులో లేదు. ఆనాటి పిల్లి తలుపు తోసుకుని వెళ్లి తన ఆట తానే ఆడుకునేది, ఎవరూ ఏర్పాటు చేయనక్కరలేదు. తలుపు మూసింది మనం. మూసినవారే ఏర్పాటు చేయాలన్నది మా అభిప్రాయం. ఇది ఫత్వా కాదు, ఆ హదీసుపై మా ఆలోచన మాత్రమే.

ఇంతలో కొడుకు ఫోనులో చూసి, దైవప్రవక్త (స)కు ముఅజ్జా అనే పిల్లి ఉండేదట, అది నిద్రపోతుంటే లేపలేక చొక్కా చేతిని కత్తిరించుకున్నారట కదా అని అడిగాడు. ఈ కథ బహుళ ప్రచారంలో ఉంది గాని, హదీసు గ్రంథాల్లో దీనికి ఆధారం లేదు. ఇలాంటి సంఘటనను ఇమామ్ జహబీ, షేఖ్ అహ్మద్ రిఫాయీ (మరణం 1182) గురించి రాశారు. పిల్లులపై దయ చూపడానికి మనకు కట్టుకథ అవసరం లేదు. కోడలు కబ్‌షా వుజూ నీళ్లు పోస్తుంటే పిల్లి వచ్చింది. మామగారు హజ్రత్ అబూ ఖతాదా (రజి) అది తాగేవరకు పాత్ర వంచి పట్టుకున్నారు. ఆమె ఆశ్చర్యంగా చూస్తే, పిల్లి అశుద్ధం కాదనీ, మన చుట్టూ తిరిగే వాటిలో ఒకటనీ దైవప్రవక్త (స) తెలిపిన విషయాన్ని ఆమెకు చెప్పారు. తిరిగేది అన్నారు. మూలన పడి ఉండేది అనలేదు.

ఇక ఏర్పాటు సంగతి. ఇందులో ధర్మం కన్నా జాగ్రత్త ఎక్కువ ఉంది. అందుకని కొంచెం వివరంగా రాస్తున్నాము.

ఆ ఇంట్లో పిల్లి ఆడుకుంటున్న వస్తువులు చూసి మాకు భయం వేసింది. కోడలు బట్టలు కుడుతుంది. మిషను కింద దారపు ఉండలు, సూది గుచ్చిన దారపు ముక్కలు ఉన్నాయి. పిల్లి నాలుక మీది గరుకు ముళ్లు గొంతు వైపు వంగి ఉంటాయి. నోట్లోకి వెళ్లిన దారాన్ని అది ఉమ్మలేదు, మింగుతూనే పోతుంది. ఒక కొస నాలుక కిందనో కడుపులోనో చిక్కుకుంటే, మిగతా దారం పేగును కుచ్చిళ్లలా దగ్గరికి లాగి కోసేస్తుంది. నోట్లో నుండి గాని వెనుక నుండి గాని దారం వేలాడుతూ కనిపిస్తే లాగకూడదు. వెంటనే పశువైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి. గరివిడిలో పశువైద్య కళాశాలే ఉంది గదా. గాలిపటం మాంజా, రబ్బరు బ్యాండ్లు, జరీ పోగులు, తెగిన తస్బీహ్ దారం — వీటికీ ఇదే మాట. బీరువాలో పెట్టే కలరా ఉండలు నున్నగా దొర్లుతాయని పిల్లలు వాటిని పిల్లి ముందుకు విసురుతారు. అవి దానికి విషం. క్యారీ బ్యాగు చెవుల్లో మెడ ఇరుక్కుంటుంది. బజారులో కొన్న బొచ్చు ఎలుకకు అంటించిన కళ్లు, పూసలు ఉంటే ముందు పీకి పారేసి ఇవ్వాలి. (అలా పీకేస్తే చిత్తరువు పేచీ కూడా తీరుతుంది.)

మంచి ఆటవస్తువుకు డబ్బు అక్కరలేదు. నోట్లో పట్టనంత కాగితపు ఉండ, టేబుల్ టెన్నిస్ బంతి, రెండు వైపులా కన్నాలు చేసిన అట్టపెట్టె చాలు. మోజుంటే ఏటికొప్పాక లక్కబంతి ఒకటి కొనవచ్చు. అంకుడు కర్ర, లక్క, చెట్ల నుండి తీసిన రంగులతో చేస్తారు, 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దొర్లే చప్పుడు పిల్లికి నచ్చుతుంది. కర్ర చివర వెడల్పాటి గుడ్డపీలిక కట్టి, ఎలుక పారిపోయినట్టు మనిషి ఆడించాలి. పిల్లి ముఖం మీదికి తెస్తే ఆడదు, దాని నుండి పారిపోతేనే వెంటపడుతుంది. ఆట అయ్యాక కర్రను అందకుండా దాచాలి. కోడిగుడ్ల అట్ట గుంతల్లో ఉడికించిన చేప ముక్కలు దాచి, పైన కాగితం కప్పితే వెతుక్కుని తింటుంది. ఎండుచేప మాత్రం వద్దు, ఉప్పు ఎక్కువ. గోళ్లు గీరుకోవడానికి ఒక దుంగకు కొబ్బరితాడు బిగించి చుడితే తలుపు బతుకుతుంది. కుప్పింటాకు మొక్క మన గోడల పక్కనే మొలుస్తుంది. దాని వేరు వాసనకు చాలా పిల్లులు దొర్లి దొర్లి ఆడతాయి. అయితే ఆ మొక్కలో విషగుణం కూడా ఉంది, కాబట్టి కళ్లెదుట కాసేపు వాసన చూడనిచ్చి తీసేయాలి, తిననివ్వకూడదు. కిటికీలకు గట్టి వల తప్పనిసరి.

ఎప్పుడు ఆడించాలి? పిల్లికి వేట వేళ తొలి వెలుగు, మలి వెలుగు. ఫజ్ర్ నమాజు తరువాత పది నిమిషాలు, మగ్రిబ్ తరువాత పది నిమిషాలు ఆడించి, ఆ వెంటనే తిండి పెడితే అది వేట ముగించి తిన్నట్టే ఒళ్లు నాకుకుని పడుకుంటుంది. రాత్రి అరుపు చాలావరకు తగ్గుతుంది. నమాజుకు ఎలాగూ లేచే ఇంటికి ఇది బరువు కాదు.

రెండు ఆటలు మేము వద్దన్నాము. ఒకటి, కొడుకు కొని తెచ్చిన లేజరు లైటు. గోడ మీది ఎర్ర చుక్క కోసం పిల్లి అరగంట ఎగిరింది, పంజా కింద ఏమీ లేదు. లైటు ఆర్పగానే గోడనే చూస్తూ కూర్చుంది. ఒక తల్లి తన బిడ్డను ఏదో ఇస్తానని పిలిస్తే, ఏమిస్తావని దైవప్రవక్త (స) ఆమెను అడిగారు. ఖర్జూరం ఇస్తానని ఆమె చెప్పింది. ఏమీ ఇవ్వకపోయి ఉంటే అది అబద్ధంగా రాయబడేదని ఆయన (స) హెచ్చరించారు. పిల్లి బిడ్డ కాదు, పోలిక మేము తెచ్చినదే. అయినా పిలిచిన తరువాత చేతికి ఏదో ఒకటి దొరకాలి. లైటు చివర ఒక గుడ్డ ఎలుక మీద ఆగితే, పట్టుకుని కొరికితే, ఆ ఆట ఆటే. అసలు లైటే లేకపోతే ఇంకా మేలు, కంట్లో పడితే ప్రమాదం.

రెండోది పిల్లలు చేసినది. తూనీగ తోకకు దారం కట్టి పిల్లి ముందు ఎగరేశారు. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెత మన భాషలో ఊరికే పుట్టలేదు. పిల్లి తన ఆకలికి తాను పట్టినదానికి దాన్ని నిందించలేము. కానీ ప్రాణమున్న దాన్ని కట్టి మరొకరి వేడుకకు గురిగా పెట్టేది మనిషి అయితే లెక్క వేరు. కోడిని కట్టి బాణాలకు గురి చేస్తున్న కుర్రవాళ్లను చూసి హజ్రత్ ఇబ్ను ఉమర్ (రజి) ఏ మాట గుర్తు చేశారో ఉలమాకు తెలుసు: అలా చేసేవారిని దైవప్రవక్త (స) శపించారు. ఒక జీవి బాకీ ఇంకో జీవి ప్రాణంతో తీర్చకూడదు.

ఇదంతా విని అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "నన్నూ దాన్నీ ఒకే ఆటోలో తెచ్చి ఇక్కడ పెట్టారు, బేటా. దానికి అరవడమన్నా వచ్చు" అన్నారు. కోడలు చేతిలోని టీ గ్లాసులు అక్కడే పెట్టి ఆమె పక్కన కూర్చుంది. ఈ మాటకు జవాబు మేము చెప్పదగినది కాదు, అందుకని చెప్పలేదు. ఊళ్లో బస్తాల గదిలో ఆ పిల్లి పడుకున్న పాత గోనె ఏదైనా ఉంటే ఉతకకుండా తెప్పించమని మాత్రం చెప్పాము. పిల్లి ఇంటిని కళ్లతో కన్నా ముక్కుతో గుర్తుపడుతుంది.

నెల తరువాత ఆ వీధికి వెళ్లినప్పుడు మగ్రిబ్ అయింది. తలుపు తీసింది కోడలు. లోపల గోనె మీద అట్టపెట్టె, అట్టపెట్టెలో పిల్లి. అత్తగారు కుర్చీలో కూర్చుని కర్రకు కట్టిన గుడ్డపీలికను నేల మీద అటూ ఇటూ లాగుతున్నారు. మమ్మల్ని చూసి సలాం చెప్పారు గాని కర్ర ఆపలేదు. "ఆగండి, మౌల్వీ సాబ్, ఇది ఇప్పుడే పొంచింది" అన్నారు.