ఒకటే మైనము

గడచిన మార్గశిరమాసమున రెండు సంచుల సోయామైనము కొని తెచ్చితిని. రెంటిపైనను ఒకే పేరు, ఒకే తూకము, ఒకే ధర. మొదటి సంచిలోని పలుకులను, నీళ్లు కాగుచున్న గిన్నెలో మరియొక గిన్నె నిలిపి కరగించి, వత్తి నిలిపిన గాజు గ్లాసులలో పోయగా, గడ్డకట్టిన పైభాగము తోడుకున్న పెరుగువలె నునుపుగా వచ్చెను. పక్షము తిరుగకమునుపే రెండవ సంచి విప్పి, అదే గిన్నెతో, అదే పొయ్యిపై, అదే చేతితో పోసితిని. తెల్లవారి చూచునప్పటికి, ఎర్రరంగు కలిపిన ఆ కొవ్వొత్తుల ఒడలెల్ల బూడిదగుమ్మడికాయ మీది బూడిదవంటి తెల్లని పొర క్రమ్మియుండెను. గాజునకును మైనమునకును నడుమ తడి తగిలినట్లు మచ్చలు పడియుండెను. వత్తి మొదట చిన్న గుంట యేర్పడియుండెను. “ఈ మైనము మంచిది కాదు” అని లెక్కల పుస్తకములో వ్రాసి లేచితిని. కాని ఆ దినమెల్ల ఒక ప్రశ్న నన్ను విడువలేదు: ఒకటే మైనమైనచో రెండు తీరుల నేల ప్రవర్తించెను? రెండు తీరుల ప్రవర్తించినదానిని ఒకటే యని యే ధైర్యమున అంటిని?

సోయాచిక్కుడు నూనెకు, నికెలు లోహపు పొడి సమక్షమున, హైడ్రోజన్ వాయువు నెక్కించి గట్టిపరచినచో ఈ మైనమగును. మన వంటిండ్ల కొకప్పుడు మిక్కిలి పరిచితమైన వనస్పతి పుట్టుకయు ఇట్టిదే. గింజ పండిన నేల, ఆ యేటి ఎండ, విత్తనపు జాతి మారినకొలది నూనెలోని కొవ్వుల పాళ్లు మారును; ఎక్కించిన వాయువు ఇంచుక హెచ్చుతగ్గైనను గట్టిదనము మారును. కనుక సంచిపై నున్నది జాతికి పెట్టిన పేరు. లోపల నున్న వ్యక్తులు వేరు.

అంతకన్న సూక్ష్మమైన సంగతి మరియొకటి కలదు. ఈ కొవ్వుల అణువులు చల్లారుచు ఒకదానితో నొకటి ఒదిగి స్ఫటికములుగా కూర్చుండుటకు ముఖ్యముగా మూడు త్రోవలున్నవి. రసాయనజ్ఞులు వానిని ఆల్ఫా, బీటా ప్రైమ్, బీటా యందురు. మొదటిది త్వరగా ఏర్పడును గాని నిలుకడ లేనిది. కడపటిది మిక్కిలి స్థిరమైనది గాని పెద్ద పలుకులుగా పెరుగును. ఆ పలుకులు పైభాగమున వెలుతురును చెదరగొట్టగా మన కన్నులకు బూడిదవలె తోచును. నెయ్యి కాచు ఇల్లాలికి ఈ రహస్యము క్రొత్తది కాదు: మెల్లగా చల్లారిన నెయ్యి పూసకట్టును, చప్పున చల్లారినది మెత్తగా పేరుకొనును, కుండలోని నెయ్యి మాత్రము ఒకటే.

ఇచట మన నైయాయికుల విచారణ నాకు చేతిదీపమైనది. కార్యమునకు కారణములు మూడు విధములని వారి మతము: బట్టకు దారములు సమవాయికారణము, ఆ దారముల కలయిక అసమవాయికారణము, సాలెవాడును మగ్గమును నిమిత్తకారణములు. బాల్యమున ఈ రెండవ కారణము చదివినప్పుడు అది పండితుల అతిసూక్ష్మపు విభజనగా తోచినది. దారములున్నచో చాలదా, వాని కలయికను వేరుగా లెక్కింపనేల? ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము నలుబదియేండ్ల తరువాత గాజు గ్లాసులో కనబడెను. బూడిద పట్టిన కొవ్వొత్తిలో ద్రవ్యము చెడలేదు. ద్రవ్యము కలిసిన తీరు మారినది. నేను కలయికలోని దోషమును ద్రవ్యముపై మోపి, అది మంచిది కాదని తీర్పు వ్రాసితిని.

మైనము తత్త్వవేత్తలకు క్రొత్త యుదాహరణము కాదు. 1641లో ప్రకటితమైన తన గ్రంథమున ఫ్రెంచి దార్శనికుడు డెకార్ట్ తేనెపట్టునుండి అప్పుడే తీసిన మైనపుముద్ద నొకదానిని నిప్పుచెంత నుంచి, దాని రుచి, వాసన, రంగు, ఆకారము అన్నియు మారిపోగా ఇంకను అదే మైనమని మనము గుర్తించుట ఇంద్రియములచే గాక బుద్ధిచేతనే యని నిరూపింపజూచెను. మన దేశమునను పచ్చికుండ ఆవములో కాలి ఎర్రబడునప్పుడు, కుండ పరమాణువులుగా విడిపోయి మరల కూడుచున్నదని వైశేషికులును, కుండ కుండగానే యుండి రంగు మారుచున్నదని నైయాయికులును వాదించిరి. వీరందరును అగ్ని యందు మారక నిలుచునదేమి యని వెదకిరి. నాకు మాత్రము, అగ్నినుండి మరలి వచ్చునప్పుడు వస్తువునకు జరుగునదేమి యను విషయమే హృదయమునకు తగిలినది. కరగినప్పుడు రెండు సంచుల మైనమును నూనెవలె స్వచ్ఛమై, ఒకదానినుండి మరియొకటి గుర్తింపరానిదై యుండెను. చల్లారిన త్రోవను మాత్రము ప్రతి గ్లాసును తన యొడలిపై వ్రాసికొనెను.

దోషము నెరుగుటకు మన శాస్త్రములు చూపిన మార్గము అన్వయవ్యతిరేకము: ఏది యున్నప్పుడు కార్యమున్నదో, ఏది లేనప్పుడు కార్యము లేదో దాని నరయుట. నేనును ఒక్కొక్క మారు ఒక్కదానినే మార్చితిని. వేడి 85 డిగ్రీల సెంటిగ్రేడుకు తెచ్చి, పోయునప్పటి వేడిని 70, 65, 60, 55 డిగ్రీలుగా తగ్గించి చూచితిని. ఒకనాడు చల్లని గ్లాసులలో, ఒకనాడు గోరువెచ్చగా కాచిన గ్లాసులలో పోసితిని. ఒకనాడు కిటికీ తెరచి, ఒకనాడు మూసి, గ్లాసులపై అట్టపెట్టె బోర్లించి చల్లార్చితిని. గ్లాసు వెచ్చబరచినంతనే గాజునంటిన మచ్చలు చాలవరకు తొలగెను. రెండవ సంచి మైనము 60 డిగ్రీల వద్ద పోసి, గాలి తగులనీయక చల్లార్చగా గుంట పడలేదు. బూడిద పలుచబడెను గాని బొత్తిగా పోలేదు. ఆ మిగిలిన పాలు ఆ నేలది, ఆ యెండది. నా చేతిలోనిది కాదు. నా వంతు ఎంతయో, నాది కానిది ఎంతయో విడదీసి తెలిసికొనుటకే వివేకమని పేరు.

మనుష్యుల యెడలను మనము లెక్కల పుస్తకపు తీర్పులే వ్రాయుచుందుము. ఒక్క తల్లి పెంచిన అన్నదమ్ములలో ఒకడు నెమ్మదిగలవాడు, ఒకడు కరకువాడు కాగా “వాని గుణమే యంత” అని చేతులు కడుగుకొందుము. వాడు ఏ చలిగాలిలో గడ్డకట్టెనో అడుగము. ఇట్లనుటచే తప్పు చేసినవాని బాధ్యత తొలగిపోదు. మైనమునకు తన వేడి తెలియదు, మనుష్యునకు తెలియును. ఐనను తీర్పరి స్థానమున కూర్చున్నవాడు ద్రవ్యమును నిందించుటకు ముందు కలయికను పరీక్షింపవలసిన ఋణము కలవాడని నా దృఢవిశ్వాసము.

నిన్న సాయంకాలము బూడిద పట్టిన తొలి కొవ్వొత్తులలో ఒకదానిని వెలిగించితిని. వెలుగులో లోపమేమియు లేదు. వత్తి చుట్టును కరగిన మడుగు మెల్లగా వ్యాపించి అంచును ముట్టగా, ఆ మేర తెల్లదనము జాడలేక పోయెను. ఆర్పిన తరువాత అది మరల తన త్రోవన గడ్డకట్టి, మునుపటికన్న గరుకైన ఇంకొక ముఖము ధరించెను. లెక్కల పుస్తకము తీసి నాటి వాక్యమును కొట్టివేసితిని. దాని ప్రక్కన తేదీయు, గది చలియు, గాజు చల్లదనమును, పోసినప్పటి వేడియు వ్రాసితిని.