కాఫీ మర – కాయక ధర్మము

ధర్మమనునది దేవాలయములందును, సభలందును మాత్రమే పరీక్షింపబడునది కాదు. ప్రాతఃకాలమున వంటయింటిలో జరుగు చిన్న పనులయందే అది మొదట పరీక్షింపబడుచున్నది. గొప్ప దానము చేయువాడు సంవత్సరమునకు ఒకమారు చేయును. కాఫీ త్రాగువాడు దినమునకు రెండుమారులు త్రాగును. ఈ రెండవ పనిలోనే మనుష్యుని స్వభావము ఎక్కువగా బయటపడును. అందుచేత ఇంటిలో కాఫీ మర నుంచుకొని ప్రతిదినము గింజలు పొడిచేసికొనుట అను స్వల్పవిషయమును విచారించుట వ్యర్థము కాదు. అంగడిలో పొడి సిద్ధముగా దొరకుచుండగా మర యెందుకు? అది నాలుక కొరకు చేయు విలాసమా? శ్రమను గౌరవించు అలవాటా? ఆ పిడిని త్రిప్పవలసిన చేయి ఎవరిది? ఈ ప్రశ్నలలో చివరిదే ముఖ్యమైనది. కాని మొదటివాటికి సమాధానము చెప్పక దానిని చేరుట సాధ్యము కాదు.

ముందుగా వస్తుస్థితి తెలిసికొనవలెను. కాఫీ మర తిరుగలికి దగ్గరి చుట్టము. తిరుగలిలో రెండు రాళ్ళ నడుమ ధాన్యము నలిగినట్లు, మరలో పళ్ళుగల రెండు భాగముల నడుమ గింజ నలుగును. మరను బిగించినచో పొడి మెత్తనగును, వదులుచేసినచో బరకయగును. పొడి మరీ మెత్తనైనచో ఫిల్టరులో నీరు దిగదు. మరీ బరకయైనచో నీరు వెంటనే జారిపోయి డికాక్షను పలుచనగును. మిక్సీలోని బ్లేడు గింజను నలుపదు, నరుకును. అందుచే పొడి కొంత మెత్తగను, కొంత పలుకుగను ఉండును. వేయించిన గింజ తన సువాసనను లోపల దాచుకొనియుండును. పొడి యైనంతనే గాలి తగులు భాగము ఎన్నో రెట్లు పెరిగి, ఆ వాసన వేగముగా పోవును. గింజలు గట్టి మూతగల డబ్బాలో కొన్ని వారములు నిలువగలవు. పొడి కొలదిదినములలోనే చప్పబడును. కావున ఏనాటి పొడి ఆనాడే చేసికొనుట వట్టి ఛాందసము కాదు. దానికి కారణము కలదు.

“రుచి కొరకు ఇంత శ్రమ యేల? కాఫీయే అనవసరము గదా!” అని విరక్తులు అడుగవచ్చును. ఈ ఆక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. కాఫీలోని కెఫీను అలవాటైన శరీరము ఒక్కదినము అది అందనిచో తలనొప్పితో అడిగి తీసికొనును. అడిగి తీసికొనునది యజమాని యగును, ఇచ్చువాడు సేవకుడగును. ఈ సత్యమును కాఫీప్రియులు ఒప్పుకొనవలెను. ఐనను ఒక వస్తువు అత్యవసరము కానంతమాత్రమున అది పాపమని చెప్పుటకు వీలులేదు. తప్పు వస్తువులో లేదు, పరిమాణములో కలదు. ఆయ్దక్కి లక్కమ్మ కథ శరణ కుటుంబములలో ఎరుగనివారు లేరు. భర్తయైన మారయ్య ప్రతిదినము రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు మామూలుకంటె ఎక్కువ తేగా, ఆమె ఆ అధికమును వెనుకకు ఇచ్చి రమ్మనెను. దారిద్ర్యము ఆమెను భయపెట్టలేదు, అధికమే భయపెట్టినది.

కాఫీ మర ఈ విషయమున ఒక చిన్న ఉపకారము చేయగలదు. పొడి డబ్బా ముందున్నవాడు చెంచాలు లెక్కింపడు. చేతితో మర త్రిప్పువానికి ప్రతి గింజకు లెక్క తెలియును. నలుగురికి సరిపడు ముప్పది, నలుబది గ్రాములు పొడిచేయుటకు కొన్ని నిమిషములు పట్టును. మూడవమారు కాఫీ కావలెనన్న, మూడవమారు చేయి ఆడవలెను. అప్పుడు కోరికకును దాని తీరుటకును నడుమ కొంచెము ఎడము ఏర్పడును. ఆ ఎడములోనే “ఇది కావలయునా?” అను ప్రశ్న పుట్టుటకు చోటు గలదు.

ఇక సత్యమును గూర్చి ఒక మాట. చికోరీ యొక మొక్క వేరు. దానిలో కెఫీను లేదు. దానిని కాఫీతో కలుపుట నేరము కాదు. మిశ్రమములో నూటికి 51 వంతులకు తగ్గకుండ కాఫీ యుండవలెననియు, చికోరీ పాలు పొట్లముపై తెలుపవలెననియు భారతదేశ ఆహార నియమములు చెప్పుచున్నవి. తెలిపి కలుపుట వర్తకము. తెలుపక కలుపుట మోసము. చింతగింజల పొడిని కాఫీపొడిలో కలుపు దుర్మార్గులును కలరు. పొడిలో కలిసినది కంటికి తెలియదు. గింజను చూచి పొడిచేసికొనువానికి ఆ భ్రమ లేదు. తన యింటివారికిని, అతిథికిని ఏమి యిచ్చుచున్నాడో తెలిసి ఇచ్చుట గృహస్థధర్మములో నొకభాగము.

ఇప్పుడు ముఖ్యవిషయము. “చేతిమర కాఫీకి సాటిలేదు” అని పడకకుర్చీలో కూర్చుండి పొగడు పెద్దమనుష్యులు అనేకులు కలరు. ఆ మరను త్రిప్పినది ఎవరు? చాల ఇండ్లలో అది కోడలి చేయి. కోడలు రాకపూర్వము అది అత్తగారి చేయి. తెల్లవారకముందే లేచి, గింజలు కొలిచి, మర త్రిప్పి, నీళ్ళు మరగించి, డికాక్షను దించి, పాలు కాచి అందరికి అందించిన తరువాత చివరి గ్లాసు ఆమెది; అప్పటికది చల్లారియుండును. పొగడ్త గింజకు, ఫిల్టరుకు, కాఫీతోటకు పోవును. చేతికి మాత్రము రాదు.

దీనికి సమాధానముగా “ఆమె ప్రేమతో చేయుచున్నది, అది దాసోహమే గదా” అందురు. ఇక్కడనే జాగ్రత్త వహింపవలెను. దాసోహము ఉత్తమమైనది. కాని ఎవడైనను తనది మాత్రమే దాసోహము చేయగలడు. ఇతరుల శ్రమను తాను దాసోహముగా లెక్కవేసికొనలేడు. కాదనుటకు స్వేచ్ఛగలవారు ఔనని చేసినప్పుడే అది సమర్పణము. కాదన్నచో నింద వచ్చుచోట చేయబడు పని ఆచారముచేత వసూలు చేయబడిన పన్ను. పైకి రెండును ఒకటే. ఒకే మర, ఒకే గింజ, ఒకే కాఫీ. భేదమును కనుగొనుటకు ఒక్కటే మార్గము: ఒకవారము ఆమె మర త్రిప్పకుండిన ఇల్లు ఏమనును? “నేడు నేను త్రిప్పెదను” అని మరియొకరు లేచినచో అది ప్రేమగల యిల్లు. గొణుగుడు వినబడినచో ఇంతకాలము దాసోహమనుకొన్నది దాసోహము కాదు.

పన్నెండవ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుడు కాయకమును ప్రతిమనుష్యునకు విధించెను గాని, ఒకరి కాయకమును మరియొకరిపై వేయుటకు అనుమతి యీయలేదు. నులియ చందయ్య గడ్డి తానే కోసెను, త్రాడు తానే పేనెను, తానే అమ్మి జంగమ దాసోహము చేసెను. అనుభవ మంటపమున స్త్రీలు వడ్డించుటకు నిలువలేదు. సమానముగా కూర్చుండి తత్త్వము చర్చించిరి. ఆ పరంపర తమదని చెప్పుకొను ఇంటిలో మరపిడి ఒక్క చేతికే అంటుకొనియుండుట తగదు.

అట్లని చెమట యెంత కారిన అంత పుణ్యమని భావింపరాదు. ముంజేతి నొప్పి గలవారు, వృద్ధులు, ఉదయముననే ఉద్యోగమునకు పోవు స్త్రీలు విద్యుత్తుతో నడుచు మరను వాడుట ఏమాత్రమును దోషము కాదు. యంత్రము ఒకరి భారమును తగ్గించినచో అదియు ధర్మమునకు సాయమే. కాయకములో ప్రధానము కండరము కాదు, బాధ్యత. మీట నొక్కుట యైనను ఎవరి వంతు వారు నొక్కవలెను. మర తుడుచుట యైనను ఎవరి వంతు వారు తుడువవలెను.

ఇంటిలోని చేతికి వెనుక దూరమున మరికొన్ని చేతులు గలవు. 17వ శతాబ్దమున బాబా బుడన్ అను సూఫీ యెమెన్ దేశమునుండి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటెనని ప్రతీతి. నేడు కర్ణాటకములోని ఆ కొండలతోపాటు ఆంధ్రప్రదేశమున అరకు ప్రాంతములో ఆదివాసి రైతులు చెట్లనీడన కాఫీ పండించుచున్నారు. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. పండిన ఎఱ్ఱని పండ్లను ఏరి ఏరి చేతితో కోయవలెను. ఒక కిలో పచ్చిగింజలకు సుమారు ఐదారు కిలోల పండ్లు కావలెను. వేయించునప్పుడు బరువు మరల నూటికి పదునైదు మొదలు ఇరువది వంతులవరకు తగ్గును. మర కొన్నంతమాత్రమున ఈ చేతులకు న్యాయము జరుగదు. కాని పొడి కొనువాడు పేరుమాత్రము చూచును, గింజ కొనువానికి “ఇది ఏ కొండది? పండించినవారికి ఏమి ముట్టినది?” అని అడుగు అవకాశము ఎక్కువ. అడుగుట అతని చేతిలోనిదే.

చివరకు యాజమాన్యము. పెండ్లి కానుకగా వచ్చి, అట్టపెట్టెలోనే యుండి, అటకపై ధూళి పట్టుచున్న మర ఎవరిది? రసీదులో ఎవరి పేరున్నను, అది ధూళిది. వస్తువును వాడుటయు, కాపాడుటయు కలిసినప్పుడే యాజమాన్యము. మరలో నిలిచిన పాతపొడిలోని నూనె ముక్కిపోయి క్రొత్తపొడిని చెఱచును. అందుచే చిన్న కుంచెతో దానిని దులుపుచుండవలెను. ఇనుప పళ్ళను నీట కడిగినచో తుప్పు పట్టును. ఇంతమాత్రము చేయలేనివారు, లేక వాడనివారు, దానిని వాడువారికి ఇచ్చివేయుట మేలు. మూలనుండి తుప్పుపట్టు వస్తువుకంటె పొరుగింట తిరుగు వస్తువు ధన్యము.

కావున కాఫీ మర యుండుట ధర్మమును కాదు, అధర్మమును కాదు. నాటికి కావలసినంత మాత్రమే పొడిచేయు ఇంటిలో, త్రాగువారందరు వంతులవారీగా త్రిప్పు ఇంటిలో, అతిథికి తెలిసిన వస్తువునే యిచ్చు ఇంటిలో ఆ చప్పుడు కాయకధ్వని యగును. ఈ నియమము పిల్లలకు ఉపదేశముచేత రాదు. తండ్రి ఉదయముననే లేచి మర త్రిప్పుట కొడుకు చూడవలెను. తల్లి కూర్చుండి మొదటి గ్లాసు వేడిగా త్రాగుట కూతురు చూడవలెను.