గాఢనిద్రలో చెవి

ధ్యాన భాగము: ఆదికాండము 2:21



ఆదాము ప్రక్కటెముక తీయకముందే దేవుడు అతనిని గాఢనిద్రలోనికి పంపిన సంగతి మనమందరం ఎరుగుదుము. 1847లో క్లోరోఫారమ్‌ను వాడుకలోకి తెచ్చిన ఎడిన్‌బరో వైద్యుడు జేమ్స్ సింప్సన్, మత్తు ఇవ్వడం దైవచిత్తానికి విరుద్ధమన్న వారికి ఈ వచనమే చూపించాడు.

అయితే ఆ నిద్ర లోతు మనుష్యుడికి తెలిసేదెలా? మత్తు తక్కువైతే రోగి కత్తి క్రింద మేలుకొంటాడు, మితిమీరితే ప్రాణానికే ముప్పు. నిజాం ధనసహాయంతో 1888, 1889లలో హైదరాబాదులో పనిచేసిన క్లోరోఫారమ్ కమిషన్లు రోగి శ్వాసను కనిపెట్టి చూడమన్నాయి. 1942 నుండి కండరాలను సడలించే మందులు ఆపరేషన్లలోకి వచ్చాయి. అవి ఇచ్చాక రోగి కదలలేడు, శ్వాస కూడా యంత్రమే తీయించాలి. లోపల మెలకువ ఉంటే ఎవరితో చెప్పుకొంటాడు?

బ్రిటన్, ఐర్లండ్‌లలో జరిగి 2014లో వెలువడిన పరిశీలనలో, ఇలా మెలకువ వచ్చిందని తామే చెప్పినవారు సుమారు 19,000 మందికి ఒకరు. అరుదే. కాని తొంబది తొమ్మిదింటిని విడిచి ఒక్క గొఱ్ఱెను వెదకిన కాపరిని ఎరిగిన మనము, ఒక్కరే కదా అనగలమా?

కంటికి రెప్ప ఉంది, చెవికి లేదు. వైద్యులు ఈ దారినే పట్టుకొన్నారు. రోగి చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టి టక్ టక్ మనే చిన్న శబ్దాలు వినిపిస్తారు. నుదుటిమీద, చెవి వెనుక అంటించిన బిళ్లలు మెదడులోని విద్యుత్ అలలను పట్టుకుంటాయి. ఒక్క శబ్దానికి వచ్చే జవాబు చాలా సూక్ష్మం, మెదడు సొంత సందడిలో మునిగిపోతుంది. అందుకే వందల జవాబులను కలిపి సగటు తీస్తారు. సెకనులో వెయ్యింట పది వంతుల లోపల మెదడు అడుగు భాగం పలుకుతుంది. మత్తులోనూ ఆ పలుకు దాదాపు అలాగే ఉంటుంది. ఆ తరువాత, వెయ్యింట నూరు వంతుల లోపు, పై మెదడు పలకాలి. మత్తు లోతైనకొద్దీ ఆ అల చిన్నదై ఆలస్యమవుతుంది. మత్తు తేలికైతే మళ్లీ ఎత్తుగా, త్వరగా లేస్తుంది.

అంటే శబ్దం చేరడం వేరు, దానిని గ్రహించడం వేరు. తరగతిలో పాఠం చెప్పినవారికి ఇది వివరించనక్కరలేదు! బాల సమూయేలు కూడా పిలుపు విని మూడుసార్లు ఏలీ దగ్గరకే పరుగెత్తాడు.

ఈ పరికరం అన్ని ఆపరేషన్ థియేటర్లలో ఉండదు. చెవుడు ఉన్నవారికి, కెటమిన్ వంటి మందుకు ఈ కొలత సరిపడదు. నాడి, రక్తపోటు, విడిచే గాలిలోని మత్తుమందు పాలు, మెదడు అలలను నేరుగా చదివే ఇతర యంత్రాలు, అన్నిటికంటే ప్రక్కనే ఉన్న మత్తు డాక్టరు కన్ను, ఇవన్నీ కావాలి.

కాబట్టి ప్రియులారా, ఆపరేషన్ అయి వచ్చినవారు “లోపల మాటలు వినబడ్డాయి” అంటే, కల వచ్చిందిలే అని కొట్టివేయకండి. అందరికీ నొప్పి తెలియకపోవచ్చు, భయం మాత్రం చాలా కాలం నిద్ర పట్టనివ్వదు. వారిని మత్తు డాక్టరు దగ్గరకు తీసుకొని వెళ్లండి. మన భాష తెలియని ఆసుపత్రి అయితే ప్రక్కన నిలబడి, వారు చెప్పింది చెప్పినట్టే తర్జుమా చేయండి. ఆ సంగతి కేసు కాగితం మీద వ్రాయించి, మరొక ఆపరేషన్ అవసరమైతే ముందుగానే చూపించండి.