భావయిత్రీ ప్రతిభ, స్వరకర్త దిద్దుబాటు: బ్రూక్నర్ రెండు సింఫనీలు

కావ్యహేతువుల విషయంలో ఆలంకారికులు ఏకాభిప్రాయానికి రాలేదు. దండి సహజప్రతిభతోపాటు శ్రుతాన్నీ అభ్యాసాన్నీ కారణాలుగా చెప్పాడు. మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసం మూడూ కలిసి ఒకే హేతువన్నాడు. ఆంధ్రుడైన జగన్నాథ పండితరాయలు ప్రతిభ ఒక్కటే కారణమన్నాడు. ఈ చర్చ అంతా రచన పుట్టేవరకే పరిమితం. పుట్టిన రచనను విన్నవారు కాదన్నప్పుడు కర్త ఏం చేయాలన్న ప్రశ్న దీని పరిధిలోకి రాదు.

ఆ ప్రశ్నకు దగ్గరగా వెళ్ళినవాడు రాజశేఖరుడు. కావ్యమీమాంసలో ఆయన ప్రతిభను కారయిత్రి, భావయిత్రి అని విభజించి, రెండవది భావకునికి ఉపకరిస్తుందన్నాడు. భావకులలో ఏదీ రుచించని అరోచకిని, గడ్డితో సహా అన్నీ మింగే సతృణాభ్యవహారిని, మత్సరిని, తత్త్వాభినివేశిని వేరు చేసి చూపాడు. దీనినిబట్టి తత్త్వాభినివేశి మాట వినాలి, మత్సరి మాట వదలాలి అన్న సులభసూత్రం ఏర్పడుతుంది. పనిచేస్తున్న స్వరకర్త జీవితంలో ఈ సూత్రం ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించడానికి ఆస్ట్రియా స్వరకర్త ఆంటన్ బ్రూక్నర్ (1824–1896) ఉదాహరణ తగినది.

అభ్యాసం విషయంలో బ్రూక్నర్‌ను తప్పుపట్టలేం. 1855 నుంచి 1861 వరకు, తన ముప్పైలలో, వియన్నాలోని సైమన్ జెక్టర్ వద్ద స్వరశాస్త్రం నేర్చాడు. శిక్షణ సాగినంతకాలం స్వతంత్ర రచన చేయరాదని గురువు నియమం. ఆయన దానిని పాటించాడు. ఎవరేం చెప్పినా తలవంచే అమాయకుడిగా ఆయనను చిత్రించడం జీవితచరిత్రకారులకు అలవాటు. అది సగం నిజం మాత్రమే.

1877 డిసెంబరు 16న వియన్నాలో మూడవ సింఫనీ తొలి ప్రదర్శన జరిగింది. నిర్దేశకత్వం వహించవలసిన హెర్బెక్ అంతకుముందే మరణించడంతో బ్రూక్నరే ఆ బాధ్యత తీసుకున్నాడు. రచన ముగిసేసరికి సభలో మిగిలినవారు కొద్దిమంది. 1873లో పూర్తయిన ఈ సింఫనీకి 1889 నాటికి మూడవ పాఠం సిద్ధమైంది. అందులో శిష్యుడు ఫ్రాంజ్ షాల్క్ సూచనలతో చివరి భాగం తొలిపాఠంతో పోలిస్తే దాదాపు మూడో వంతు తగ్గింది. నిర్మాణం అక్కడ తెగినట్లు వినిపిస్తుంది. శిష్యుడు మత్సరి కాడు. గురువు పాటలు లోకానికి చేరాలని తపించినవాడు. అతడు రోగాన్ని చెప్పి ఊరుకోలేదు, చికిత్సనూ తానే నిర్ణయించాడు.

ఎనిమిదవ సింఫనీ కథ వేరు. 1887లో అది పూర్తికాగానే బ్రూక్నర్ మ్యూనిచ్‌లోని హెర్మన్ లేవీకి పంపాడు. 1882లో వాగ్నర్ ‘పార్సిఫాల్’ తొలి ప్రదర్శనకు నిర్దేశకత్వం వహించినవాడు, బ్రూక్నర్ ఏడవ సింఫనీని మ్యూనిచ్‌లో విజయవంతంగా వినిపించినవాడు లేవీ. రాజశేఖరుని లెక్కలో ఆయన నిస్సందేహంగా తత్త్వాభినివేశి. ఆయనకే ఈ రచన అంతుపట్టలేదు. సూటిగా చెప్పే ధైర్యం లేక ముందు ఫ్రాంజ్ అన్న జోసెఫ్ షాల్క్‌కు రాశాడు. బ్రూక్నర్ కుంగిపోయాడు.

కానీ లేవీ ఇచ్చినది ‘అర్థం కాలేదు’ అన్న నిజాయితీ మాత్రమే. మొదటి భాగం ఎలా ముగియాలో ఆయన చెప్పలేదు. 1887 పాఠంలో ఆ భాగం ఉచ్చధ్వనితో, జయఘోషలా ముగిసేది. 1890 పాఠంలో బ్రూక్నర్ ఆ ఘోషను తొలగించి, క్రమంగా సన్నగిల్లే మందధ్వనితో ముగించాడు. మరణశయ్యపై ఉన్నవాని గదిలో ఆగక కొట్టుకునే గడియారంతో దానిని తానే పోల్చాడు. ఈ ముగింపు ఏ సలహాదారుడూ సూచించినది కాదు. తన రచనను ఇతరుని చెవితో మళ్ళీ విన్న స్వరకర్తలో భావయిత్రీ ప్రతిభ మేల్కొని, కారయిత్రిని తిరిగి పనిలో పెట్టింది. రాజశేఖరుడు భావకునికి కేటాయించిన శక్తి కర్తలోనూ ఉండక తప్పదని ఈ సందర్భం సూచిస్తుంది. అది లేనిచోట ఇతరుని మాట ఆజ్ఞ అవుతుంది, లేదా శబ్దమాత్రంగా మిగులుతుంది.

ఇక్కడ ఒక నైతిక చిక్కు మిగిలే ఉంది. 1892 డిసెంబరు 18న హాన్స్ రిక్టర్ నిర్దేశకత్వంలో వియన్నా ఎనిమిదవ సింఫనీని ఆదరించింది. అయితే 1887లోనే మొదలుపెట్టిన తొమ్మిదవ సింఫనీ చివరి భాగం పూర్తికాకుండానే బ్రూక్నర్ కన్నుమూశాడు. దిద్దుబాట్లు మింగిన ఏళ్ళను లేవీ ఖాతాలో వేయడం అన్యాయం. అర్థం కాని దానిని అర్థమైందనడం అంతకన్నా అన్యాయం అయ్యేది. ఆ నష్టాన్ని భరించే హక్కు కర్తకే ఉంది గాని, ఆ హక్కును వాడుకునేటప్పుడు ఆయనకు తన ఆయుర్దాయం తెలియదు. 1887 పాఠం లియోపోల్డ్ నోవాక్ సంపాదకత్వంలో 1972లో అచ్చయింది. లేవీ వద్దన్న ఆ పాఠాన్నే ఇప్పుడు కొందరు నిర్దేశకులు ఎంచుకుని వినిపిస్తున్నారు.