వెనక చక్రాల చూపు

కారు ఎటు పోవాలో ముందు చక్రాలే తేలుస్తాయని అనుకుంటాం. ఇంగ్లండ్‌లో మా ఇంటి గ్యారేజీలో, 1957 నాటి లోటస్ సెవెన్ పోలికతో సొంతంగా కారు కట్టుకున్నాక నాకు ఆ అభిప్రాయం పోయింది. వెనక చక్రాలు రెండూ కలిసి ఎటు చూస్తే బండి అటే పోతుంది. అవి కాస్త ఎడమకు చూస్తుంటే, తిన్నగా పోవడానికి స్టీరింగ్‌ను కూడా ఎడమకే తిప్పి పట్టుకోవాలి. అప్పుడు బండి రోడ్డు మీద సరిగ్గానే పోతుంది గానీ ఒళ్లు పక్కకు తిరిగి ఉంటుంది. చేతికి తెలిసేది ముందు చక్రాలే కనుక తప్పు వాటి మీదికి పోతుంది.

చేత్తో వెల్డింగ్ చేసిన ఛాసిస్‌లో ఎడమ పక్కా కుడి పక్కా అచ్చంగా ఒకటి కావు. వేడికి గొట్టాలు ఎటో ఒకవైపు లాగుతాయి. మరి ఏది తిన్నన అని దేన్ని చూసి చెప్పాలి? నడిమి గీత కారులో ఎక్కడా గీసి ఉండదు. సస్పెన్షన్ బిగించిన చోట్ల నుంచి కొలుచుకుని, ఇదీ నడుమ అని మనమే ఒప్పుకోవాలి. దానికి సమాన దూరంలో, చక్రాల నడిమి ఎత్తున, రెండు పక్కలా నైలాన్ దారాలు బిగించి, రిమ్ము ముందంచు నుంచి దారానికి ఎంతో, వెనకంచు నుంచి ఎంతో స్టీలు స్కేలుతో చూడాలి. ముందంచు ఒక మిల్లీమీటరు ఎక్కువ దూరంగా ఉంటే చక్రం ఆ మేరకు లోపలికి చూస్తోందన్నమాట.

ఒక్క మిల్లీమీటరే! కానీ 13 అంగుళాల రిమ్ము అడ్డుకొలత దాదాపు 330 మిల్లీమీటర్లు. ఆ చక్రాన్ని దాని మానాన వదిలితే కిలోమీటరుకు సుమారు 3 మీటర్లు పక్కకు పోతుంది. అవతలి చక్రం పోనివ్వదు. పోలేని ఆ దూరాన్ని టైరు అరిగి తీర్చుకుంటుంది. అలాగని నేను రెండింటినీ సున్నాకు తేను. కొద్దిగా లోపలికి చూసే వెనక చక్రాలే వేగంలో నిలకడనిస్తాయి. బయటికి చూస్తే బండి తోక చంచలమవుతుంది. ఇద్దరూ ఒకే మాట మీద ఉండటం కన్నా, ఒకరినొకరు కాస్త ఒత్తుకుంటూ నడవడమే మేలు కావడం నన్ను ఇప్పటికీ ఆలోచనలో పడేస్తుంది.

చక్రం చూపు మార్చడానికి, సస్పెన్షన్ కడ్డీ చివరనుండే రాడ్ ఎండ్‌ను బోల్టు తీసి అరచుట్టు తిప్పి, బోల్టు మళ్లీ వేశాక బండిని ముందుకూ వెనక్కూ కాస్త దొర్లించాలి. లేకపోతే టైర్లు నేలను పట్టుకుని కొత్త కోణానికి రావు. లాక్ నట్ బిగించాక మళ్లీ కొలవాలి. ఖాళీ కారును కొలవడం మాత్రం దండగ. ఐదారు వందల కిలోల బండిలో మనిషి కూర్చుంటే స్ప్రింగులు దిగి కోణాలు మారిపోతాయి. అందుకే సీట్లో నా బరువంత ఇసుక బస్తాలు వేస్తాను. పక్క సీట్లో మా అమ్మాయి ఉండే రోజులే ఎక్కువ గనుక ఈసారి తన బరువు కూడా వేసి కొలుస్తున్నాను.